మెదడు మాత్రలు, మాడు మీద చిమచిమలు: నా అనుభవం

మాత్ర మింగిన ఇరవై నిమిషాలకు ముందుగా చెవులు వేడెక్కేవి. ఆ వేడి చెంపల మీదికి పాకి, నెమ్మదిగా మాడు ఎక్కేది. జుట్టు కుదుళ్ల దగ్గర ఒకటే చిమచిమ, దురద. గోళ్లతో గోకితే తగ్గేది కాదు, ఇంకా పెరిగేది. అద్దంలో చూసుకుంటే ముఖం, మెడ, గొంతు కింది భాగం ఎర్రగా కందిపోయి ఉండేవి. ఓ అరగంట, మహా అయితే గంట. తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది.

డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి చెబితే వాడికి సంబరం. "పనిచేస్తోందక్కా! మెదడుకు రక్తప్రసరణ పెరిగిందన్నమాట. నాకూ మొదట్లో ఇలాగే ఉండేది" అన్నాడు. ఆ డబ్బా పంపింది వాడే. విజయవాడలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. బ్యాంకు ఉద్యోగులు రాసే సీఏఐఐబీ పరీక్షకు కూర్చున్నాను. పగలంతా కౌంటర్లూ ఫైళ్లూ. ఇంటికొచ్చాక వంట, పిల్లల హోంవర్కు. రాత్రి పది దాటాక పుస్తకం తెరిస్తే, చదివిన పేజీయే మళ్లీ చదువుతూ కూర్చునేదాన్ని. ఆ సంగతి విని తమ్ముడు జాలిపడి, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెంచుతాయని అమ్మే ఈ మాత్రలు ఎవరో వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపించాడు. డబ్బా మీద నీలిరంగు మెదడు బొమ్మ, దాని చుట్టూ మెరుపులు.

నాకు బొమ్మల మీద కన్నా వెనక వైపు చిన్న అక్షరాల మీద ఆసక్తి ఎక్కువ. అప్పు పత్రాలు చదివీ చదివీ వచ్చిన అలవాటు అది. వెనక్కి తిప్పి చూస్తే మొదటి వరుసలోనే ఉంది: నియాసిన్ 50 మిల్లీగ్రాములు. నియాసిన్ అంటే విటమిన్ బి3లో ఒక రకం. అమెరికాలో పెద్దవాళ్లకు మాత్రల రూపంలో రోజుకు 35 మిల్లీగ్రాములు దాటవద్దని గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ పరిమితి పెట్టడానికి కారణమే ఈ ఎర్రబారడం. నియాసిన్ చర్మంలోని కొన్ని కణాలను రెచ్చగొడుతుంది. అవి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దానితో చర్మం కింద ఉన్న సన్నటి రక్తనాళాలు విచ్చుకుంటాయి. వేడి, మంట, దురద అన్నీ అక్కడివే. అంటే రక్తప్రసరణ పెరిగిన మాట నిజమే. పెరిగింది మాత్రం చెవి తమ్మెల్లో, మాడు చర్మంలో. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఎక్కువగా, ఇడ్లీ తిన్నాక వేసుకుంటే తక్కువగా ఉండేది. కొన్నాళ్లు వరుసగా వేసుకుంటే దానంతట అదే మందగించింది కూడా. మందగించినప్పుడు నాకు కలిగిన భావం గుర్తుంది: 'అయ్యో, పనిచేయడం మానేసిందా?' ఇదే విటమిన్‌కు నియాసినమైడ్ అని ఇంకో రూపం ఉంది. దానితో ఈ వేడి రాదు. విటమిన్ లోటు తీర్చడమే ఉద్దేశమైతే అదీ సరిపోతుంది. మరి మెదడు మాత్రల్లో ఈ మంట పుట్టించే రకాన్నే ఎందుకు వేస్తారో తయారుచేసేవాళ్లనే అడగాలి. కొనుక్కున్నవాడికి ఏదో ఒకటి 'తెలియాలి' కదా అని నా అనుమానం.

నియాసిన్ తర్వాత చీటీలో ఉన్నదంతా ఒకే మూట. పేరు 'ప్రొప్రయిటరీ బ్లెండ్', మొత్తం 650 మిల్లీగ్రాములు. అందులో నీటి బ్రాహ్మి, జింకో, ఆల్ఫా జీపీసీ, గ్వరానా, ఎల్-థియానిన్, హూపర్జీన్ ఎ. ఏది ఎంతో రాయలేదు. రాయనక్కర్లేదట. అమెరికాలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి మందుల కింద లెక్కకు రావు, ఆహార పదార్థాల కోవలోకి వస్తాయి. అమ్మకానికి ముందు ప్రభుత్వం నుంచి ఆమోదం అవసరం లేదు. మూటలోని సరుకుల పేర్లు, మొత్తం బరువు చెబితే చాలు. మన దగ్గర 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఇలాంటి డబ్బాల మీద 'వైద్య అవసరాలకు కాదు' అని రాయమంటాయి. ఇది అమెరికా నుంచి సామాన్ల మధ్య వచ్చింది కాబట్టి ఆ మాట కూడా దీని మీద లేదు.

ఇక రెండో రకం బాధ. ఇది మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య మొదలయ్యేది. కణతల దగ్గర బిగుతు. నొప్పి అనడానికి లేదు, సుఖంగానూ ఉండదు. నుదుటి చుట్టూ ఎవరో గుడ్డ బిగించి ముడివేసినట్టు. సాయంత్రానికి తలంతా దిమ్ముగా ఉండేది. తమ్ముడికి దీనికీ సమాధానం సిద్ధంగా ఉంది. "అది కోలిన్ చాలక వచ్చే నొప్పి అక్కా. సిటికోలిన్ కలుపుకో, పోతుంది." కోలిన్ అంటే మెదడు వాడుకునే ఒక పోషకం, సిటికోలిన్ దాన్ని అందించే మందు. కలుపుకున్నాను. కణతల బిగుతు తగ్గకపోగా దవడలు, మెడ వెనక భాగం కూడా పట్టేశాయి. మళ్లీ ఫోన్ చేస్తే, "ఇప్పుడు కోలిన్ ఎక్కువైంది" అన్నాడు. మా బ్రాంచిలో క్యాషియర్ డబ్బు తగ్గినా, మిగిలినా ఒకే కారణం చెబితే నేను ఊరుకోను. తమ్ముడు కదా అని ఊరుకున్నాను.

ఈ కోలిన్ సిద్ధాంతం ఎక్కడిదో వెతికాను. మూలం పైరాసెటామ్ అనే మందు. బెల్జియంలోని యూసీబీ సంస్థలో కోర్నెలియు గియుర్జియా అనే రుమేనియా శాస్త్రవేత్త 1964లో దాన్ని తయారుచేశాడు. 1972లో ఈ జాతి మందులకు 'నూట్రోపిక్' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరుకు తగినది అనిపించుకోవాలంటే మందుకు దుష్ప్రభావాలు దాదాపు ఉండకూడదని ఆయన పెట్టిన షరతు. పైరాసెటామ్ మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎక్కువగా వాడేస్తుందనీ, దాని ముడిసరుకైన కోలిన్ తరిగిపోయి తలనొప్పి వస్తుందనీ వాడకందార్లలో ఒక నమ్మకం. మనుషుల మీద సరిగా రుజువైన సంగతి కాదిది, చేతులు మారుతూ వచ్చిన వంటింటి చిట్కా లాంటిది. అదీగాక నేను వేసుకునే మాత్రలో పైరాసెటామ్ లేనే లేదు. మాత్రలో లేని మందు తెచ్చే తలనొప్పికి చెప్పిన చిట్కాను వాడుతున్నామన్నమాట.

సిటికోలిన్, పైరాసెటామ్ మన మందుల దుకాణాల్లో కొత్తవి కావు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ రెండూ కలిపిన బిళ్లలు రాయడం చాలాచోట్ల ఉంది. మా సహోద్యోగి వాళ్ల నాన్నగారి మంచం పక్కన చాలా కాలంగా చూస్తున్న స్ట్రిప్పే అది. సిటికోలిన్‌ను పక్షవాతంలో పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2012లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. 2,298 మంది రోగులు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా మెరుగేమీ కనబడలేదని తేల్చారు. అంత జబ్బులో తేడా చూపనిది నా మధ్యాహ్నపు మగతకు ఏం చేస్తుందో అనుకుని సిటికోలిన్ పక్కన పెట్టాను. దవడల పట్టు వదిలింది. కణతల బిగుతు మాత్రం అలాగే ఉంది.

అసలు పట్టు చిక్కింది మా అత్తగారి వల్ల. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు తల బద్దలైపోయేది. రోజూ వచ్చే బిగుతు కాదు. తల వంచితే కళ్ల వెనక దడదడ, వెలుతురు చూడబుద్ధి కాదు, ఎవరు పలకరించినా విసుగు. అమృతాంజనం రాసుకుని గదిలో కర్టెన్లు మూసి పడుకునేదాన్ని. నాలుగింటికి ఆవిడ కాఫీ కలిపి తెచ్చేవారు. తాగిన ముప్పావు గంటకు లేచి బట్టలు మడతపెట్టేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ గ్లాసు అందిస్తూ, "వారమంతా బ్యాంకులో చచ్చేంత చాకిరీ చేసినా రాదు, సెలవు నాడే వస్తుందేమమ్మా నీకీ తలనొప్పి? కాఫీ పడగానే పోతుంది కూడాను" అన్నారు.

ఆ మాటకు నాకు మెలకువ వచ్చినట్టయింది. ఆదివారం నేను మాత్ర వేసుకోను. శరీరానికి అలవాటు పడకుండా వారానికి ఒకరోజు విరామం ఇవ్వాలన్నది తమ్ముడి సలహా. డబ్బా తెచ్చి మళ్లీ చూశాను. గ్వరానా. అమెజాన్ ప్రాంతపు తీగ గింజ. కాఫీ గింజల్లో కన్నా వాటిలో కెఫీన్ పాలు ఎక్కువ. మూటలో కలిసిపోయింది కాబట్టి ఎంత కెఫీన్ అన్నది చీటీ చెప్పదు. మాత్రలు మొదలుపెట్టాక నాకు బ్యాంకులో పదకొండింటి కాఫీ, మూడింటి కాఫీ అక్కర్లేదనిపించి మానేశాను. 'చురుకుదనం వచ్చింది, కాఫీ తగ్గింది' అని సంతోషించాను కూడా. కాఫీ తగ్గింది నిజమే, కెఫీన్ తగ్గలేదు.

కెఫీన్ చేసే పని సులువుగా చెప్పవచ్చు. మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, అదే మగత తెస్తుంది. కెఫీన్ వెళ్లి అడినోసిన్ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. అడినోసిన్ రక్తనాళాలను విచ్చుకునేలా కూడా చేస్తుంది, కెఫీన్ ఆ పనిని అడ్డుకుని వాటిని కుదిస్తుంది. రోజూ అలవాటైనవాళ్లకు ఒక్కసారి ఆపితే, ఆఖరి మోతాదు తర్వాత 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలుకావచ్చు. ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, కొందరికి తొమ్మిది రోజుల దాకా సాగుతుంది. శనివారం ఉదయం మాత్ర, ఆదివారం ఆలస్యంగా లేచి చిన్న గ్లాసుడు పలచటి కాఫీ. మధ్యాహ్నానికి లెక్క సరిగ్గా కుదిరింది. నేను ఎన్నో వారాలుగా 'మెదడుకు విశ్రాంతి' అనుకున్న రోజు నిజానికి కెఫీన్ మానేసిన రోజు. సోమవారం పొద్దున మాత్ర వేసుకోగానే తల తేలికపడి 'ఆహా, ఎంత తేటగా ఉంది' అనిపించేది. ఆ తేటదనం ఆదివారపు బాకీ తీరడమే, కొత్తగా చేరిన లాభం కాదు. డబ్బాకు మంచి పేరు తెచ్చేది ఇదే. ఈ కిటుకు తెలిశాక ఏ చురుకుదనం మాత్ర గురించి ఎవరు పొగిడినా, ముందు అందులో కెఫీన్ ఉందా అని అడుగుతున్నాను.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకోటి. రాత్రి ఎడమ చెవి దిండుకు ఆనించి పడుకుంటే నా గుండె చప్పుడు ఆ చెవిలో వినిపించేది. లబ్ డబ్ అని స్పష్టంగా కాదు, మెత్తగా ఒక ఊపు. బోర్లా తిరిగితే పోయేది, మళ్లీ ఆ పక్కకు తిరిగితే వచ్చేది. ఇక తమ్ముడిని అడగదలచుకోలేదు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫీజు ఆ డబ్బా ఖరీదులో సగం లేదు.

డబ్బా కూడా పట్టుకెళ్లాను. ఆయన దాన్ని పక్కన పెట్టి ముందు బీపీ చూశారు. 138/88. ఆ వేళకు మాత్ర వేసుకుని రెండు గంటలు అయింది. టార్చి లాంటి పరికరంతో కంటి లోపలి నరాన్ని పరీక్షించారు. తల లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ వాపు కనబడుతుందట, లేదు. వరుసగా ప్రశ్నలు వేశారు. నొప్పి ఎప్పుడైనా ఒక్క క్షణంలో పిడుగు పడినట్టు వచ్చిందా, మాట తడబడిందా, చెయ్యి కాలు బలం తగ్గిందా, చూపు రెండుగా కనబడిందా, దగ్గితే నొప్పి పెరుగుతుందా, జ్వరంతో మెడ బిగుసుకుందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో లెక్కలు వేస్తూ కూర్చోకూడదని, వెంటనే ఆసుపత్రికి రావాలని గట్టిగా చెప్పారు. నెలలో ఎన్ని రోజులు పారాసెటమాల్ వేసుకుంటున్నారని కూడా అడిగారు. నెలకు పదిహేను రోజులు, ఆపైన అలా వేసుకుంటూ పోతే ఆ మాత్రల వల్లనే తలనొప్పి స్థిరపడుతుందట. నేను అంత దూరం పోలేదు.

తర్వాత బొటనవేళ్లతో నా మెడ వెనక, పుర్రె మొదలయ్యే చోట నొక్కారు. ప్రాణం లేచొచ్చింది. ఆ నొప్పి తిన్నగా నుదుటి దాకా పాకి, సరిగ్గా నా మధ్యాహ్నపు బిగుతు ఎక్కడ ఉంటుందో అక్కడికి వచ్చి ఆగింది. "ఇదేనా?" అన్నారు. ఇదే. "మెదడుకు నొప్పి తెలియదమ్మా. నొప్పిని పసిగట్టే నరాల కొసలు దానిలో లేవు. నొప్పి తెలిసేది పైపొరలకు, రక్తనాళాలకు, కండరాలకు, చర్మానికి" అన్నారు. 2017లో గుంటూరులో ఒక నర్సుకు మెలకువగా ఉంచి, సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేసిన వార్త అప్పట్లో అందరం చదివాం. చర్మం, పుర్రె, పైపొరలు దాటే వరకే మత్తు అవసరం, లోపలికి వెళ్లాక మెదడును తాకినా ఆమెకు నొప్పి తెలియదు. ఆ వార్త చదివినప్పుడు వింతగా అనిపించింది కానీ, నా డబ్బాతో ముడిపెట్టుకోవాలని తోచలేదు. మెదడులో ఏదో జరుగుతున్నట్టు నాకు 'తెలిసిన' ప్రతిదీ మెదడు బయట జరిగినదే.

చెవిలో చప్పుడుకు కారణం ఆయన తేల్చి చెప్పలేదు. బీపీ కాస్త పైన ఉంది, కెఫీన్ ఉంది, నిద్ర లేదు. అన్నీ ఆపి చూద్దాం, పోకపోతే స్కానింగ్ సంగతి ఆలోచిద్దాం అన్నారు. హూపర్జీన్ పేరు దగ్గర మాత్రం వేలు పెట్టి ఆగారు. మతిమరుపు జబ్బుకు ఇచ్చే డొనెపెజిల్ ఏ ఎంజైమును అడ్డుకుంటుందో ఇదీ దాన్నే అడ్డుకుంటుందట. "ఇది ఎంత ఉందో రాయకుండా అమ్మడం ఏమిటి?" అని తనలో తాను గొణుక్కున్నారు.

కెఫీన్‌ను ఒక్కసారిగా ఆపవద్దన్నారు. మాత్ర మానేసి, దానికి బదులు మా ఇంటి డికాక్షన్‌ను కొలిచి వేసుకుంటూ, వారం వారం తగ్గించాను. ఆ రోజుల్లో ఓ నోటుపుస్తకంలో ఎప్పుడు, ఎక్కడ, ఎంత నొప్పి, ఏం తిన్నాను, ఎన్ని గంటలు పడుకున్నాను అన్నీ రాసుకున్నాను. మే నెల కావడంతో ఎండ ఒక అదనపు తంటా. బ్యాంకుకు వెళ్లి వచ్చేసరికి బట్టలు తడిసిపోయేవి. నీళ్లు తక్కువ తాగిన రోజుల్లో తలనొప్పి ఏ మాత్రతోనూ సంబంధం లేకుండా వచ్చేది. అవి విడిగా ఎర్ర సిరాతో రాశాను. చెవిలో చప్పుడు తగ్గిపోయింది. తర్వాత బీపీ 122/80.

అన్నీ సర్దుకున్నాక, డాక్టరు గారిని అడిగి ఒక్క నీటి బ్రాహ్మి మాత్రం విడిగా తెప్పించి వాడాను. చిన్నప్పుడు అమ్మ మాతో నమిలించిన సరస్వతి ఆకు వేరు, ఇది వేరు. సరస్వతి ఆకు గుండ్రంగా, విసనకర్రలా ఉంటుంది. ఇది చిత్తడి నేలల్లో పెరిగే చిన్న దళసరి ఆకుల మొక్క. దీని సారం మీద లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ చాలా పని చేసింది. విదేశాల్లోనూ రోజుకు 300 మిల్లీగ్రాములు, 12 వారాల పాటు ఇచ్చి పరీక్షలు జరిగాయి. కొన్నిటిలో జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. డబ్బాలోని సరుకుల్లో ఎంతో కొంత ఆధారం ఉన్నవాటిలో ఇదొకటి. దీనితో తలలో ఏమీ అనిపించలేదు. వేడి లేదు, చిమచిమ లేదు, బిగుతు లేదు. కడుపులో మాత్రం గడబిడ, రెండు పూటలా విరేచనం. నా మాదిరి పరీక్షల మార్కులు పక్కపక్కన పెట్టి చూశాను. మార్కులు బ్రాహ్మితో కదల్లేదు, నిద్రతో కదిలాయి. ముందు రోజు ఆరు గంటలు దాటి పడుకున్నప్పుడు లెక్కల భాగం గట్టెక్కేది, లేనప్పుడు మునిగేది. ఒక్క మనిషి నోటుపుస్తకం ఏ రుజువూ కాదు. కానీ నా డబ్బు ఎటు పెట్టాలో నిర్ణయించుకోవడానికి నాకది చాలు.

తమ్ముడికి అన్నీ వివరంగా రాసి పంపాను. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నాకు రోజూ పొద్దున వచ్చే ఆ వేడి..." అని మొదలుపెట్టి ఆపేశాడు. నియాసిన్ అని చెప్పి ఇంకేమీ అనలేదు. మధ్యలో ఒకసారి అత్తగారు, "నాకూ మరుపు ఎక్కువైంది, ఆ మాత్ర ఒకటి ఇవ్వమ్మా" అని అడిగారు. ఇవ్వలేదు. గుండెకు స్టెంట్ వేశాక ఆవిడ రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. దానికి జింకో తోడైతే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. పైగా 75 ఏళ్లు, ఆపైన వయసున్న మూడు వేల మందికి పైగా వృద్ధుల మీద అమెరికాలో ఏళ్ల తరబడి చేసిన పరీక్షలో జింకో మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లోనే తేలింది. మిగిలిన మాత్రలను ఎవరికీ అంటగట్టకుండా పారేశాను.

అన్నీ ఆపాక కూడా ఒకటి మిగిలింది. మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుంటే కనుబొమల మధ్య వచ్చే బరువు. మెడ కండరాలకు వ్యాయామం చేస్తే బిగుతు చాలావరకు తగ్గింది కానీ ఈ బరువు కదల్లేదు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు నా ఫోను నా చేతికే ఇచ్చి ఒక మెసేజ్ చదవమన్నారు. నేను దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాను. ఆయన నవ్వి, కంటి డాక్టరుకు చీటీ రాశారు. చత్వారం, రెండు కళ్లకూ ప్లస్ ఒకటింపావు. దూరానికీ దగ్గరకూ ఒకే కళ్లద్దాలైతే నయమని ప్రోగ్రెసివ్ లెన్సులు చేయించుకున్నాను. కనుబొమల మధ్య బరువు పోయింది. ప్రస్తుతానికి మెట్లు దిగేటప్పుడు నేల పైకి లేచొస్తోంది, సాయంత్రానికి తల తిరుగుతోంది. అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని అద్దాల దుకాణం అబ్బాయి చెప్పాడు.